గడియ వేయని తలుపు

వీరేంద్ర వేటకెళ్లిన పడవ తిరగబడింది. తోటివాళ్లు ఈదుకొచ్చారు. అతను రాలేదు, శవమూ ఒడ్డుకి కొట్టుకురాలేదు. చూడని చావుకి ఏడవనంది తల్లి పోతమ్మ. దినం చెయ్యనివ్వలేదు, కోడలు సూర్యకళని బొట్టు తియ్యనివ్వలేదు. ఆనాటి నుంచీ పెదజాలారిపేటలో వాళ్ల ఒంటిగది ఇంటికి గడియ పడలేదు. వానొచ్చినా గాలొచ్చినా తలుపు తెరిచే ఉండాలి.

ఆ తలుపు వారనే కూర్చుని సూర్యకళ ఫోన్లో డేటా, ఎకనామిక్స్ కోర్సు చదివింది. ధర ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడుతుందో, అంకెల్లోంచి అది ఎలా పట్టుకోవాలో నేర్చుకుంది. రొయ్యల ఎగుమతి కంపెనీలో కూర్చుని చేసే పనుందట. సర్టిఫికెట్ ఉంటేనే పిలుస్తారట. లేదంటే అత్త వెనకాలే నెత్తిన చేపల తట్ట.

పరీక్షకి ఇదే ఆఖరి అవకాశం. ఫోన్ కెమెరా కనిపెట్టుకుని ఉంటుంది. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, తలుపు మూసుండాలి, మధ్యలో లేస్తే పరీక్ష రద్దు.

"తలుపేత్తే ఆడొచ్చి ఎల్లిపోడేటే?" అంది పోతమ్మ.

"గంటసేపే గదత్తా."

"పోన్లోంచి సూసేదెవుడు?"

"మనిసి కాదత్తా, మిషను."

"మిషనుకి మరుగెందుకే!"

చివరికి ఆవిడే మెత్తబడింది. "సర్లే, నాను గుమ్మంలో కూకుంటాను. ఆడొత్తే పిలుత్తాను."

సూర్యకళ గడియ వేసింది. గాలాడని గదిలో చెమటలు కారుతున్నా, జవాబులు మాత్రం తడుముకోకుండా వచ్చాయి. సగం దాటింది.

"ఓలె సూర్యా! ఆడొచ్చాడే! నా కొడుకొచ్చాడే!"

రాడని సూర్యకళకి తెలుసు. ఎవరు చెప్పినా చెప్పకపోయినా తెలుసు. కాళ్లు మాత్రం ఆగలేదు.

గడియ తీసింది. ఎదురుగా మరిది దొరబాబు. భుజాన వల, ఒంటికంటుకున్న తడిచొక్కా. అది అన్న చొక్కా.

"ఏటొదినా, అలగ సూత్తన్నావు?"

వెనక ఫోన్ టింగుమంది. చూడకపోయినా అదేం చెబుతోందో ఆమెకి తెలుసు.

పోతమ్మ ఆ చొక్కా అంచు ఇంకా వదల్లేదు. "ఎండ కళ్లలో పడిపోనాదే," అంది, ఎవరి వైపూ చూడకుండా.

 సూర్యకళ తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, గాలికి మూసుకోకుండా రాయి అడ్డం పెట్టింది.

"తట్ట ఎక్కడెట్టావత్తా?" అంది.