కొండెక్కిన దీపం

"ఎక్కనీ, ఎక్కనీ అని అరిచింది నువ్వే కదుటే!"

"నువ్వేమో కొండెక్కుతోంది అన్నావు నానమ్మా! అంటే పైకి వెళ్తోందనుకోనా?"

"పన్నెండేళ్ళొచ్చాయి, దీపం కొండెక్కడం అంటే ఏమిటో తెలీదూ?"

"కొండ అంటే పహాడ్. ఎక్కడం అంటే చఢ్నా. ఇందులో తెలీకపోవడానికి ఏముంది?"

"ఆరిపోవడమే పిల్లా, ఆరిపోవడం!"

"తో సీదా ఆరిపోయిందనే చెప్పాలి కదా!"

"దీపాన్ని పట్టుకుని ఎవరైనా ఆ మాట అంటారుటే? ముందు నోరు కడుక్కో."

ఫరీదాబాద్‌లో మా నాలుగో అంతస్తు ఫ్లాటులో నాకూ మా మనవరాలికీ ఇలా జరిగింది యుద్ధం. అది సోఫా ఎక్కి నిలబడింది, నేను కింద నిలబడ్డాను. మధ్యలో టీపాయ్ మీద వేడి వేడి జిలేబీ పొట్లం. ఆ జిలేబీ నాకు బహుమతిగా వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి.

చలి తగ్గి రజాయిలు మడిచి పెట్టెలో పెట్టే రోజులు. పిల్లకి పరీక్షలు దగ్గరపడ్డాయి. టీవీకి తగిలించి ఆడే ఆ నల్ల పెట్టె మర్నాడు పొద్దున్నే అటకెక్కాలని, పరీక్షలయ్యేదాకా దిగకూడదని ఇంట్లో తీర్పయింది. తీర్పిచ్చింది నేనే. అటకెక్కించే పని మా అబ్బాయిది.

ఆ ఆటలో ఓ చిన్న పిల్ల ఉంటుంది. కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో లాంతరు. ఎప్పుడు చూసినా ఎడమ నుంచి కుడికే పరుగు. గుంటలొస్తే దూకుతుంది, రాళ్ళొస్తే ఎక్కుతుంది. బొమ్మలన్నీ ఎవరో కూర్చుని చేత్తో గీసినట్టుంటాయి. పెన్సిలు గీతలు తెలుస్తూనే ఉంటాయి. చెట్టు రంగు ఆకాశంలోకి కారింది, ఆకాశం రంగు ఇంటి కప్పు మీదికి కారింది. నేను ఐదో తరగతి దాకానే చదివాను గానీ, గీత దాటి రంగు పూస్తే మా మాస్టారు చెవి మెలేసేవారు. ఆ మాటే అన్నాను. "నానమ్మా, అదే దాని అందం" అంది మనవరాలు. సరే, అందమే.

చూస్తూ కూర్చునేదాన్ని కాదు గానీ, ఆ పిల్ల దారిలో నూనె సీసాలు వదిలేసుకుంటూ పోతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. లాంతరు నూనె తాగుతుంది. నూనె అయిపోతే చీకటి, చీకటైతే మళ్ళీ ఏటిగట్టు దగ్గర మొదలు. దారిలో అక్కడక్కడా చిన్న చిన్న సీసాలుంటాయి. మనవరాలేమో కొన్ని ఏరుకుని కొన్ని వదిలేసేది.

"ఆ మూల రాతి మీద సీసా ఉందే!"

"టైమ్ లేదు నానమ్మా."

"నూనె పారబోసుకునేదానికి టైముంటుందా?"

ఇలా నా నస పడలేక వెనక్కి వెళ్ళి ఏరుకోవడం మొదలెట్టింది. దాంతో ఆ వారం అది ఎన్నడూ చేరని చోటికి, ఆఖరి కొండ సగం దాకా చేరింది. కొండ మీద గంట ఉంది. ఆ గంట కొడితే ఆట గెలిచినట్టు, ఆడిందంతా ఆ పెట్టెలో భద్రంగా దాచినట్టు. కొట్టకపోతే ఏటిగట్టే.

ఆ సాయంత్రం సగం కొండ మీద ఉండగా కింద ఇ-రిక్షా భయ్యా హారన్ కొట్టాడు. ట్యూషన్ టైమైంది. పిల్ల ఆ రెండు కొమ్ముల రిమోటు సోఫాలో పడేసి సంచీ అందుకుంది.

"నానమ్మా, దేన్నీ ముట్టుకోవద్దు. స్విచ్ అస్సలు కట్టెయ్యొద్దు. ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్!"

నాకు స్విచ్ కట్టేసే అలవాటుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే నేను ఊరుకోను. టీవీ కింద వెలిగే ఆ ఎర్ర చుక్కని కూడా ఊరుకోను. అయినా ఒప్పుకున్నాను. మాటిచ్చాక మాటే.

అది హడావిడిలో ఆట ఆపడం మర్చిపోయి పోయింది. కొండ మీద ఆ గీతల పిల్ల నిలబడే ఉంది, లాంతరు నూనె తాగుతూనే ఉంది. నేను గోరుచిక్కుళ్ళు ముందేసుకుని కూర్చున్నాను. చూస్తూండగానే వెలుగు గుప్పెడంతైంది, నిమ్మకాయంతైంది. ముట్టుకోనని మాటిచ్చాను కదా. ఫోన్ చేశాను.

"ఏమే, నీ దీపం కొండెక్కేట్టుందే!"

రోడ్డు గోలలోంచి ఓ కేక. "సచ్చీ? కొండెక్కుతోందా?"

"ఆఁ. ఇంకాసేపట్లో ఎక్కేస్తుంది. ఏం చెయ్యమంటావు?"

"ఆపకు నానమ్మా! ఎక్కనీ! ఎక్కనీ!"

నాకు ఆశ్చర్యమే వేసింది. అయినా ఆటలో ఏం కిటుకుందో, ఆడేవాళ్ళకి తెలుస్తుంది గానీ నాకేం తెలుసు? ఎక్కనిచ్చాను. తెర నల్లబడింది. పెన్సిల్‌తో గీసిన పొగ మెలికలు తిరుగుతూ పైకి పోయింది. గీతల పిల్ల మళ్ళీ ఏటిగట్టు మీద నిలబడింది. ఇక ఆ పెట్టెతో పనేముందని స్విచ్ కట్టేశాను.

అక్కడ ఇ-రిక్షాలో మా పిల్ల తోటి ఆడపిల్లలందరికీ చాటింపు వేసిందట. "మేరీ దాదీ నే పహాడ్ చఢా దియా!" నేను చాటుగా రిమోటు పట్టుకుని ఆఖరి కొండ ఎక్కించేశానని అనుకుంది. ట్యూషన్ అయ్యాక, తను దాచుకున్న దాంట్లోంచి జిలేబీ కొని పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. పరీక్షల భయంతో పెడుతోందనుకుని మార్కులు బాగా రావాలని దీవించాను. ఆ తర్వాత టీవీ పెట్టింది. ఆ తర్వాతిదే మీరు మొదట చదివిన యుద్ధం.

అప్పుడే మా కోడలు ఆఫీసు నుంచి వచ్చింది. ఇద్దరి వాదనా విని గోడకి చేరబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"అత్తయ్యగారూ, మన దేవుడి అరలో ఉన్నది కరెంటు దీపం. అది కొండెక్కదు. ఇది ఆ మాట ఎక్కడ వింటుంది చెప్పండి?"

నిజమే. కర్టెన్లు అంటుకుంటాయని కోడలే ఆ ప్లగ్గు దీపం తెచ్చి పెట్టింది. నేనూ నూనె మిగులుతుందని ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఓ మాట ఇంటికి రాకుండా పోయింది.

పిల్ల ఇంక అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు పొద్దున్నే అటక. ఇంకేముంది" అని సంచీ తెరిచి లెక్కలు ముందేసుకుంది. జిలేబీ ముట్టలేదు. నేను ఒకటి తిన్నాను. తెచ్చిన జిలేబీ పారేస్తామా?

తీర్పు మాత్రం మార్చలేదు. ఒకసారి మారిస్తే ఈ ఇంట్లో నా మాటకి ఇంక విలువుండదు. మా అబ్బాయి వచ్చాక వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

పొద్దున్నే వాడు స్నానం చేసి, టిఫిన్ తిని, పెట్టె చంకనెట్టుకుని స్టూలు కోసం ఇల్లంతా తిరిగాడు.

"అమ్మా, స్టూలేది?"

"నా గదిలో ఉందిరా."

స్టూలు నా గదిలోనే ఉంది. దాని మీద ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, పక్కన ఉప్పు జాడీ.

"ఇవి వంటింట్లో కదా ఉండేవి!"

"చెమ్మ తగులుతోందని మార్చాను. తడి చేత్తో ముట్టుకోకు, బూజు పడుతుంది."

వాడు చేతులు చూసుకున్నాడు, గడియారం చూసుకున్నాడు. మెట్రో తప్పిపోతుందని "సాయంత్రం చూద్దాంలే" అంటూ పెట్టె అక్కడే పెట్టేసి పోయాడు. కోడలు నా మొహం చూడకుండా టిఫిన్ డబ్బా సర్దుకుని, గుమ్మం దాటాక నవ్వింది.

పిల్లకి బడి సెలవులే. గది గుమ్మంలో నిలబడి జాడీల్ని చూసింది, నన్ను చూసింది.

"చదువుకోవాలి నువ్వు" అన్నాను. "అయితే ఈ గోరుచిక్కుళ్ళు ఈనెలు తీసేదాకా నీ ఇష్టం. ఆ తర్వాత పుస్తకం."

ఏటిగట్టు నుంచి మొదలెట్టింది. ఆ పొద్దు నా వేళ్ళు ఎందుకో సాగలేదు. ఒక్కో కాయనీ వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. మూల రాతి మీది సీసా, చెట్టు తొర్రలో సీసా, ఒక్కటి వదలనివ్వలేదు. గిన్నెలో ఇంకా గుప్పెడు కాయలుండగా గీతల పిల్ల కొండ మీదికి చేరి గంట కొట్టింది.

మా పిల్ల ఎగిరి గంతేసి వెంటనే నాన్నకి ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి మరీ.

"నాన్నా! దీపం కొండెక్కింది!"

"అయ్యో!" అన్నాడు వాడు. "అంతసేపు ఆడాక ఆరిపోయిందా? ఏడవకమ్మా. పోనీ ఇవాళ కూడా పెట్టె కిందే ఉంచుదాం. నానమ్మకి నేను చెప్తాలే."

పిల్ల ఫోన్ మీద చెయ్యి మూసి నా వైపు చూసింది. కళ్ళు మెరుస్తున్నాయి. ఇంకో రోజు ఊరికే దొరికింది మరి.

నేను ఫోన్ లాక్కున్నాను. "ఒరేయ్, కాళ్ళతో ఎక్కిందిరా, గంట కూడా కొట్టింది. స్టూలు ఖాళీ చేస్తున్నాను, సాయంత్రం పెట్టె ఎక్కించు" అని చెప్పి, ముందు స్విచ్ కట్టేశాను.