శ్యామలకు రూతమ్మ ఏమవుతుంది?

2024 వేసవి. వికారాబాద్ కోర్టులో నేను వకీలుగా నల్లకోటు వేసుకుని అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా భూమి తగాదాలు, మనోవర్తి కేసులు. ఆ రోజు భోజనాల వేళ కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద కూర్చుని ఉంటే ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. పేరు రూతమ్మ, తాండూరులో బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు కూడా తీయకుండా బస్సెక్కి వచ్చేసింది.

"మేడం, మా శ్యామలను ఎత్తుకపోయిన్రు," అంది.

శ్యామల నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పని చేస్తుంది. ఇద్దరూ పదేళ్లకు పైగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారు. కాపురం అన్న మాట రూతమ్మదే. "ఆలుమగలు ఎట్లుంటరో మేం గట్లనే ఉన్నం మేడం. పెండ్లి చేసుకుంటమంటే ఎవలు చేస్తరు?" అంది, తల దించకుండా.

పనిలో బండ జారిపడి శ్యామల తొడ ఎముక విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది రూతమ్మే. లోపల రాడ్ వేయాలన్నారు. సంతకం పెడతానంటే "బ్లడ్ రిలేషన్ ఉండాలి" అన్నారు. అంటే అన్నో, తండ్రో రావాలి. స్పృహలో ఉన్న మనిషి తన ఆపరేషన్‌కు తానే ఒప్పుకోవచ్చు. కానీ ఆమెను అడిగినవాళ్లే లేరు. కుల్కచర్ల దగ్గరి ఊళ్లో ఉన్న అన్న నర్సింలుకు కబురు పంపారు. ఇన్నేళ్లలో చెల్లెలు బతికుందో లేదో కనుక్కోనివాడు వచ్చాడు. ఆపరేషన్ వద్దని డిశ్చార్జి చేయించాడు. రానని ఆమె ఏడుస్తున్నా ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయాడు. కాలికి పసరు కట్టు కట్టించి, గదిలో వేసి గొళ్లెం పెట్టాడు. వెతుక్కుంటూ వెళ్లిన రూతమ్మను వాకిట్లోంచే తరిమేశారు.

"లోపల్నుంచి నన్ను పిలుస్తున్నది మేడం. నేను ఇన్న," అంటూ అప్పుడు ఏడ్చింది.

ముందు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఎస్సై రూతమ్మను పైనుంచి కిందికి చూశాడు.

"ఆమెకు నువ్వేమైతవ్?"

"నా మనిషి సార్."

ఆయన నవ్వాడు. "అన్న ఇంట్ల చెల్లె ఉంటే కేసేంది మేడం? గివన్ని హైదరాబాద్ ముచ్చట్లు. మనకాడ నడువయ్."

"చెల్లె మీద గంత ప్రేమ ఉంటే గొళ్లెం ఎందుకు పెట్టిండు సార్?" అన్నాను. ఆయన ఫోన్ అందుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ కాలు కుళ్లుతుంటే ఇక్కడ చుట్టరికం లెక్క తేలాలట!

మర్నాడు మేజిస్ట్రేట్ ముందు సెర్చ్ వారంట్ కోసం పిటిషన్ వేశాను. మనిషిని అన్యాయంగా నిర్బంధించారని నమ్మితే, వెతికి కోర్టుకు తెమ్మని పోలీసులకు ఇచ్చే ఆదేశం అది. నర్సింలు తరఫు వకీలు లేచి, రూతమ్మకు లోకస్ స్టాండై లేదన్నాడు. కోర్టును అడిగే అర్హతను మేం అలా అంటాం. ఈ సెక్షన్‌లో చుట్టరికం అక్కర్లేదు, దారిన పోయే మనిషి చెప్పినా కోర్టు వినవచ్చు అని వాదించాను. వారంట్ వచ్చింది. గెలిచానన్న సంతోషం మాత్రం కలగలేదు. పదేళ్లు కలిసి బతికిన మనిషిని దారిన పోయే మనిషిగా నిలబెడితే తప్ప ఆమె మాట కోర్టులోకి వెళ్లలేదు. పిటిషన్‌లో కూడా "స్నేహితురాలు" అనే రాయాల్సి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ల పెళ్లిని చట్టంలోకి తేవడం తన పని కాదు, పార్లమెంటు పని అని సుప్రీంకోర్టు అంతకుముందు ఏడాదే చెప్పింది. పార్లమెంటు ఉలకలేదు, పలకలేదు.

శ్యామలను కుర్చీలో మోసుకొచ్చారు. తొడ వాచి, జ్వరంతో కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఎవరితో వెళ్తావమ్మా?" అని అడిగాడు మేజిస్ట్రేట్.

"మా ఇజ్జత్ తీసింది సార్ ఇది!" అని చెల్లెలిని చూపిస్తూ నర్సింలు అరిచాడు.

శ్యామల అన్న వైపు చూడలేదు. "రూతమ్మతోని పోత సార్. మా ఇంటికి పోత," అంది.

మేజర్ కాబట్టి ఆమె ఇష్టమని ఆర్డర్ ఇచ్చారు. అటు నుంచి అటే హైదరాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. కాలు దక్కింది కానీ ఆలస్యమవడంతో కురచైపోయింది. శ్యామల ఇప్పటికీ కుంటుతూనే నడుస్తుంది. బండ విరిచింది ఎముకను. ఆమెను కుంటిదాన్ని చేసింది మాత్రం "నువ్వేమైతవ్" అన్న ఆ ప్రశ్నే. అడిగిన వాళ్లలో ఒక్కరికీ ఏ శిక్షా లేదు.

ఈ కేసు తర్వాత, ఇలాంటి జంటలు ఎవరొచ్చినా "ఏం కాదులే" అనడం మానేశాను. చట్టం మారేదాకా ఎవరి జాగ్రత్తలో వాళ్లుండాలి. కొన్ని నెలల తర్వాత ఇద్దరినీ పిలిచి, ఒకరి పేరున ఒకరు వీలునామా రాయాలని, వైద్యం విషయంలో ఒకరి తరఫున ఒకరు మాట్లాడే అధికార పత్రం చేయించాలని, బ్యాంకులో నామినీ పేర్లు మార్చాలని ఒక్కొక్కటే చెప్పాను. ఇన్ని ఉన్నా ఎవడో ఒకడు అడ్డుపడవచ్చని కూడా చెప్పాను.

శ్యామల అంతా విని అడిగింది: "పెండ్లయినోల్లు గూడ గిన్ని కాయిదాలు రాపిచ్చుకుంటరా మేడం?"

"లేదమ్మా," అన్నాను. "వాళ్లను ఎవరూ అడగరు."