కొంగ బావ దోటి

మా బావను తోటలో అందరూ కొంగ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, కాబట్టి తిట్టదలచుకున్నవాళ్ళు నన్నే తిట్టవచ్చు. పొద్దస్తమానం మెడ పైకెత్తి మామిడి కొమ్మల్లోకి చూసే మనిషి. కాళ్ళు చూస్తే వెదురు బొంగులు, భుజాన ఇంకో వెదురు బొంగు. కొంగ అనక ఇంకేమంటారు? భోంచేసేటప్పుడు కూడా ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఇంటికప్పు వంక చూస్తాడు. "అక్కడేం కాయల్లేవు బావా, కంచంలో చూడు" అంటే, "నీ నోరు మూయించే కాయ ఒకటుందిరా, అదే వెతుకుతున్నా" అనేవాడు.

ఆయన పని కాయ కోయడం. చేతిలో దోటి ఉంటుంది. దోటి అంటే పొడవాటి వెదురు, దాని కొసన ఇనుప కొక్కెం, కొక్కెం కింద తాడుతో అల్లిన చిక్కం. తొడిమకు కొక్కెం తగిలించి మెలిపెడితే కాయ చిక్కంలో పడుతుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది. తొడిమ మరీ మొదలంటా తెగితే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది. గట్టిగా లాగితే పక్కకాయలు రాలిపోతాయి. రాలిన కాయలను మేస్త్రీ విడిగా ఒక బుట్టలో వేయించి, ఆ బుట్ట ఎవరి పుణ్యమో తోటంతా వినపడేలా చెబుతాడు. మా బావ పేరు ఎన్నడూ అలా వినపడలేదు. ఆ గొప్ప ఆయన చెప్పుకోడు. నేను చెబుతుంటే మాత్రం అడ్డు రాడు.

దోటి ఆయన సొంతం. వెదురు తనే ఎంచి, పొగలో ఎండబెట్టి, కణుపులు చెక్కి, చిక్కం కూడా తనే అల్లుకున్నాడు. ఇంకొకరు ముట్టుకుంటే ముఖం మాడిపోయేది. నేను తోటలో పెట్టెలు ఎక్కించుకుని మార్కెట్టుకు తోలే వ్యాను డ్రైవర్ని. ఒకసారి వెనక్కి తీసుకుంటూ దానికి చక్రం తగిలించబోయాను. మా బావ ఒక్క దూకున వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు; పెళ్ళిలో మా అక్క చెయ్యి కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

దోటి పట్టిన మనిషి చెట్టు కిందే ఉంటాడు. ఆకుల గుబురు అడ్డం వచ్చి సగం కాయలు కనపడవు. అందుకని కాస్త దూరంగా నిలబడి కాయ ఎక్కడుందో కేకేసి చెప్పడానికి ఇంకొకరు ఉండాలి. ఆ మనిషిని కూత అంటారు. మా బావకు కూత మా అక్క. ఈ పనిలో కుడి, ఎడమ అనే మాటలు పనికిరావు. ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళలో ఒకరి కుడి ఇంకొకరికి ఎడమ. అలా నమ్ముకుని కాయలన్నీ నేలపాలు చేసినవాళ్ళున్నారు. తోటలో పొద్దు వైపు, నీడ వైపు అంటారు. పొద్దున పొద్దు వైపంటే తూర్పు. మధ్యాహ్నం తిరిగాక అదే మాటకు అర్థం పడమర. కొత్తవాళ్ళకు ఇది ఒంటబట్టడానికి ఒక కాపు పడుతుంది. మా అక్కాబావలు ఇంట్లో కూడా అలాగే మాట్లాడుకుంటారు. "ఉప్పు ఎక్కడే?" అని ఆయనంటే, "పొద్దు వైపు గూట్లో" అంటుంది ఆవిడ. వినేవాడికి పిచ్చెక్కుతుంది.

బావ చూపు పక్కల నుంచి తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కనున్నది కనపడదు. పెట్టెలు తన్నుకునేవాడు. ఒకరోజు వ్యాను తలుపుకు మోకాలు కొట్టుకుంటే నేను ఊరుకోలేక, "ఏం బావా, కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాను. మామూలుగా అయితే నా ఏడు తరాలనూ తలుచుకునేవాడు. ఆ రోజు మోకాలు తడుముకుని పక్కకు తప్పుకున్నాడు. అక్క వెనక నుంచి నా చెయ్యి రక్తం వచ్చేలా గిల్లింది. అప్పుడర్థమైంది నాకు.

కంటి డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. లోపల నరం ఎండిపోతోందని చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవడానికి చుక్కలు వేసుకోవాలి, నిలుస్తుందో లేదో చెప్పలేను అంది. బావ అంతా విని, "మధ్యలో ఉన్నది చాలమ్మా, కాయ అక్కడే ఉంటుంది" అన్నాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకర్థమై బయటికొచ్చేశాను.

"మేస్త్రీకి చెప్పేద్దాం బావా," అన్నాను దారిలో.

"చెప్పి?"

"ఇంకేదైనా పని చూపిస్తాడు."

"పెట్టెలకు మేకులు కొట్టమంటాడా? మేకు నెత్తి కనపడొద్దూ? నా చేతిలోంచి దోటి తీసేస్తే నేను దేనికి పనికొస్తానురా? మూలన కూర్చుని మీ అక్క పెట్టింది తినడానికా? అంతకంటే చావు నయం."

ఆ మాట ఆయన కోపంతో అనలేదు. భయంతో అన్నాడు. మా బావ భయపడటం నేను అంతకుముందు చూడలేదు, చూశాక నాకూ భయమేసింది.

చుక్కలు వేసినా ఆ మధ్య చూపు కూడా సన్నబడుతూ వచ్చింది. దాచడానికి వాళ్ళు కొత్తగా చేయవలసిందేమీ లేకపోయింది. అక్క కూతలు పొడవయ్యాయి, అంతే. ఇదివరకు "పొద్దు వైపు, పై కొమ్మ" అంటే సరిపోయేది. ఇప్పుడు "పొద్దు వైపు, పై కొమ్మ, మూరెడు కిందికి, ఇంకాస్త, ఆఁ, అక్కడే" అని చెట్టంతా నడిపించేది. పొద్దు ఎటున్నదీ చెంప మీద ఎండను బట్టి తెలుసుకునేవాడు బావ. కాయ తగిలిన సంగతి వెదురే చేతికి చెప్పేది. సాయంత్రానికి అక్క గొంతు బొంగురుపోయేది. "ఏంటమ్మా, మొగుడికి ఇంత ముద్దుగా చెబుతున్నావ్!" అని తోటి ఆడవాళ్ళు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చాక ఏడ్చేది. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండేది. చెప్పమని పోరాను, వినలేదు. ఈ కాపు గడిస్తే చాలన్నారు. తర్వాతి కాపుకు ఏం చేస్తారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంతలో పెద్ద గాలివాన వస్తోందన్నారు. తోటలో కాయంతా గాలి కొట్టేలోపు దించాలని మేస్త్రీ అందరినీ పరుగులు పెట్టించాడు. ఆకాశం మొత్తం మూసుకుపోయి, మధ్యాహ్నమే దీపాలు పెట్టుకునేలా ఉంది. భోజనాలయ్యాక బావ చెట్టు మొదట్లో కాస్త నడుం వాల్చాడు. మేస్త్రీ ఈల వినపడగానే ఉలిక్కిపడి లేచాడు. దోటి చెట్టుకు అవతలి వైపు ఆనించి ఉంది. మాను పట్టుకుని, దాని కోసం తడుముకుంటూ చెట్టు చుట్టూ తిరిగాడు. దోటి దొరికింది. తను ఎటు తిరిగి నిలబడ్డాడో మాత్రం ఆయనకు తెలియలేదు. చెంప మీద ఎండ లేదు.

"పొద్దు వైపు," అంది అక్క.

బావ దోటి ఎత్తి నీడ వైపు పెట్టాడు.

"పొద్దు వైపండీ. పొద్దు వైపు."

ఆయన ఇంకాస్త నీడ వైపే చాచాడు. వెనక్కి తిరగండి అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట ఏ కూతా ఏ కోతగాడికీ చెప్పదు. చెబితే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోతుంది. అందుకని అక్క అదే మాట గట్టిగా, ఇంకా గట్టిగా అరిచింది. నేను పెట్టె చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయాను. బావ దోటి కొమ్మ దాటి ఖాళీ ఆకాశంలోకి వెళ్ళింది. అక్కడ మెలిపెట్టాడు. దించాడు. చిక్కం తడిమాడు. మళ్ళీ ఎత్తాడు. కంగారులో గుత్తి గుత్తంతా కొక్కేనికి చిక్కి, లాగిన లాగుడుకు కాయలు దబదబా రాలి పగిలాయి. అందరూ పని ఆపేసి చూశారు.

మేస్త్రీ వచ్చాడు. చెడ్డవాడు కాడు, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే తిట్టుకుని తృప్తిపడేవాణ్ణి.

"కొంగా, పొద్దు ఎటుందయ్యా?" అన్నాడు మెల్లగా.

బావ చెయ్యెత్తి చూపించాడు. తూర్పుకు చూపించాడు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"మబ్బు పట్టింది కదా మేస్త్రీగారూ, ఎవరికి మాత్రం తెలుస్తుంది?" అంది అక్క.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

అక్క వంగి పగిలిన కాయలు ఏరసాగింది. మేస్త్రీ బావ చేతిలోంచి దోటి తీసుకోబోయాడు. బావ వదలలేదు. ఇద్దరూ ఒక్క క్షణం అలాగే పట్టుకుని నిలబడ్డారు. తర్వాత బావ వేళ్ళు వాటంతటవే విడిపోయాయి.

"కొక్కెం ఎవరి నెత్తిన పడితే ఎవడు జవాబు చెబుతాడయ్యా? ఇక నువ్వు తోటలోకి రావద్దు," అన్నాడు మేస్త్రీ. అని అక్క వైపు తిరిగాడు. "నాకు మనుషులు చాలట్లేదు. కాయ నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. దోటి నువ్వు పట్టుకోమ్మా. రేపటికల్లా ఈ వరస దిగాలి. నీవల్ల కాదంటే చెప్పు, వేరే జంటను పెడతాను."

మా అక్క మొగుడి వంక చూసింది. ఆయన తల మొదటిసారి కిందికి దిగి ఉంది. అక్క దోటి పట్టుకుంది. ఆ క్షణంలో అక్క మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పట్టుకోకపోతే ఇద్దరికీ పని పోతుందని తెలిసి కూడా వచ్చింది. ఆ దోటి ఆవిడకు మరీ పొడవు. సాయంత్రం దాకా ఎత్తలేక, దించలేక, భుజాలు వాచిపోయి ఇంటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అక్క నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఆయన లేర్రా. దోటి కూడా లేదు."

 వ్యాను తీసి వీధులన్నీ తిరిగాను. బడి గోడ పక్కన ఉన్నాడు. అక్కడో పెద్ద చెట్టుంది, నీడకు తప్ప దేనికీ పనికిరాదు. బావ దాని కింద మెడ ఎత్తి, దోటి చాచి, మెలిపెడుతున్నాడు. ఎదురుగా సైకిల్ షాపువాడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కేకలేస్తున్నాడు. "ఇంకాస్త పైకి పెద్దాయనా! అదిగో, గుత్తి! తగిలింది, లాగు!"

వెళ్ళి వాడి చొక్కా పట్టుకున్నాను. వాడి అదృష్టం, బావ అరిచాడు.

"వదిలెయ్‌రా అతన్ని!"

"నిన్ను ఆడిస్తున్నాడు బావా!"

"తెలుసు." దోటి దించి, చిక్కంలో చెయ్యి పెట్టి, గుప్పెడు ఆకులు తీశాడు. "మామిడి కాదని మొదటి కొమ్మకే చేతికి తెలిసిందిరా. ఎవరో ఒకరు కూత వేస్తున్నారు కదా, ఆపబుద్ధి కాలేదు."

నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద, ఆ సైకిల్ షాపువాడి ముందే ఏడ్చాను. వాడు కుర్చీ లోపలికి లాక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది. గాలి అప్పటికే దుమ్ము లేపుతోంది. ఆవిడ దోటి కోసం చెయ్యి చాచింది. బావ దోటి ఇవ్వలేదు.

"ఇది నీకు పొడవు," అన్నాడు.

"ఎలాగో ఎత్తుతానండీ."

"ఎత్తలేవు. ఇవాళ సగం చెట్టు కూడా దించలేవు. రేపు ఇంకెవరినో పెట్టుకుంటాడు. లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడు. చెయ్యి పైకెత్తు."

అక్క నిలబడింది. బావ మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ మడమ దగ్గర నుంచి మొదలుపెట్టి, నడుం, భుజం, మోచెయ్యి, వేలి కొస దాకా జానలు వేసుకుంటూ తడిమి కొలిచాడు. తర్వాత దోటిని నేల మీద పడుకోబెట్టి, ఆ కొలతను బట్టి కొక్కెం వైపు నుంచి లెక్కేసి, గోటితో నొక్కి గుర్తు పెట్టాడు.

"ఇక్కడ కోయరా."

"వద్దు బావా. పెరట్లో ఇంకో వెదురుంది కదా?"

"అది పచ్చిది. ఈ కాపుకు పనికిరాదు. రంపం తే."

తెచ్చాను. దోటి కదలకుండా ఆయనే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. నేను కోశాను. నా జన్మలో అంత చెడ్డ పని ఇంకోటి చేయలేదు. ఇన్నేళ్ళూ ఆయన చేతులు పట్టి పట్టి నున్నగా, నల్లగా అయిన భాగమంతా ఊడి ఆయన ఒళ్ళో పడింది. అక్కకు మిగిలింది చేతులు తగలని, గరుకు వెదురు.

అక్క ఎత్తి చూసింది. సరిపోయింది.

"ఇంత పొట్టిదానివటే నువ్వు?" అన్నాడు బావ. "ఇన్నేళ్ళూ పైకే చూశాను, తెలీనేలేదు."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనూ వస్తానే, ఊరికే కూర్చుంటాను," అన్నాడాయన. "మేస్త్రీగారు వద్దన్నారు కదండీ," అంది అక్క. కూతకు పక్కింటావిడను పిలుచుకుని, దోటి భుజాన వేసుకుని, గాలికి ఎదురు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

బావ ఆ వెదురు ముక్క పట్టుకుని లేచాడు. అక్క వెళ్ళేది చూడాలనుకున్నట్టున్నాడు. నాలుగడుగులు వేసి, గోడకు తగిలి, ఇటు తిరిగి, మళ్ళీ తగిలి ఆగిపోయాడు. తను కట్టుకున్న ఇల్లది.

"తలుపు ఎటుందిరా?" అని నన్ను అడిగాడు.