ఊదారంగు మరక

ఇన్నేళ్ళూ ఒక చిన్న అట్టముక్క బరువు మోశాను. అరచేతిలో సగం కూడా ఉండదది. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ వచ్చేది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర ఎన్నోసార్లు మొదలుపెట్టి, మధ్యలో మాట మార్చేశాను.

డెబ్బైల్లో ఒమాన్‌లో, బహ్లాలోని ఒక ఆసుపత్రిలో నేను నర్సుని. మాది కోస్తా. అక్కడ తెలుగువాళ్ళం ముగ్గురమే. ఎక్స్‌రే తీసే శామ్యూలన్నయ్యది బందరు. రాజయ్యది జగిత్యాల దగ్గర పల్లె, రోడ్డు వేసే కంపెనీలో కూలీ. శుక్రవారం సెలవు రాగానే రాజయ్య సైట్ నుంచి ఏదో ఒక లారీ పట్టుకుని అన్నయ్య రూమ్‌కి వచ్చేవాడు. వారమంతా హిందీ ముక్కలు, అరబ్బీ ముక్కలతో నెట్టుకొచ్చిన మనిషి, ఆ ఒక్కపూటా కడుపునిండా తెలుగు మాట్లాడి వెళ్ళేవాడు.

అన్నయ్యకి పాత సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బొమ్మల కార్డుల పిచ్చి. అందులోనూ అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ళవంటే ప్రాణం. ఆ ఆట ఎలా ఆడతారో ఆయనకీ తెలియదు. చరిత్ర పుస్తకాల్లో రాజులే ఉంటారు, ఈ పెట్టెల్లో మామూలు మనుషులు దొరుకుతారు అని ఆయన సంబరం. ఆ టోపీ ఎందుకలా ఉంది, ఆ చొక్కాకి కాలరెందుకు, ఆ ఊళ్ళో అప్పటికి కరెంటు వచ్చిందా... ఇవే మాటలు. నాకు ఆవలింతలు వచ్చేవి. రాజయ్య మాత్రం కళ్ళింతలు చేసుకుని వినేవాడు.

కాలు విరిగి మా వార్డులో పడుకున్న ఒక అమెరికా ఇంజనీరు, వెళ్తూ వెళ్తూ అన్నయ్యకి ఒక కార్డు ఇచ్చాడు. అది అతని పెదనాన్న చిన్నప్పుడు దాచుకున్నది. వెనకాల ఊదారంగు పెన్సిలుతో ఆ పిల్లాడి రాత ఉంది: "ఇది నాది. ఎవరూ ముట్టుకోవద్దు." ఆ పిల్లాడు పెద్దయి యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదట. ముందున్న బొమ్మ ఎంతమంది దగ్గరైనా ఉంటుంది, ఈ రాత మాత్రం లోకంలో ఒక్కటే అని అన్నయ్య మా ఇద్దరికీ చెప్పాడు. నేను యూనిఫాం మడతపెట్టుకుంటూ ఊఁ కొట్టాను. విన్నానా? లేదనే చెప్పాలి.

తర్వాత ఆయన పనిమీద మస్కట్ వెళ్తూ కార్డుల డబ్బా నాకు అప్పగించాడు. ఆ శుక్రవారం రాజయ్య వచ్చాడు. ఎడమచేతికి పుండు పడితే అంతకుముందు నేనే ఊదారంగు మందు పూశాను. ఒక్కసారి ఆ కార్డు చూస్తానన్నాడు. మందున్న చెయ్యి వీపు వెనక పెట్టుకుని, మంచి చేత్తో అంచులు పట్టుకుని చూశాడు. అన్నయ్య అలాగే నేర్పాడు. "మా మేనమామ లెక్కనే ఉన్నడు," అని మురిసిపోయాడు. ఇదంతా నా కళ్ళతో చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

అతను వెళ్ళాక కార్డు తిప్పితే వెనక ఊదారంగు కనిపించింది. నర్సు చెయ్యి మరకని చూసి ఊరుకోదు. సరిగ్గా చూడకుండానే మందు అంటింది కాబోలు అనుకున్నాను, దూది స్పిరిట్‌లో ముంచాను, తుడిచాను. రోజూ ఎంతమంది చేతుల మీద తుడుస్తాం! దూది ఊదారంగుకి తిరిగాక, తోకలా మిగిలిన చివరి అక్షరం కనబడింది. రాత పోయింది. ఆ చోట ఊదారంగు మసక మిగిలింది.

అన్నయ్య వచ్చి చూశాడు. కేకలు వెయ్యలేదు.

"దీన్ని ఎవరన్నా పట్టుకున్నారా అమ్మా?"

"రాజయ్య చూశాడన్నయ్యా."

"చేతికి మందుందా?"

"ఉంది."

ఒక్క మాటా అబద్ధం కాదు. ఇన్నేళ్ళూ దాన్నే పట్టుకుని వేలాడాను, నేనేమీ అబద్ధం చెప్పలేదు కదా అని. ఎందుకు దాచాను? తిడతాడనా? తిట్టి మర్చిపోయేవాడు. శుభ్రతకి పేరుపడ్డ సిస్టర్ని, నా చేత్తో ఒక వస్తువు పాడైందని ఒప్పుకోవడానికి మనసొప్పకా, లేక రాజయ్య వస్తే అన్నయ్య నన్ను మర్చిపోయి అతనికే అన్నీ చెబుతాడన్న ఉక్రోషం ఎక్కడో లోపల ఉండబట్టా? రెండోదే అని ఇప్పుడనిపిస్తోంది. సిగ్గుగా ఉంది.

తర్వాతి శుక్రవారం రాజయ్య వస్తే అన్నయ్య తలుపు తియ్యలేదు. లోపల్నుంచే తలనొప్పన్నాడు. ఆ పై వారమూ అంతే. రాజయ్య కట్టు మార్పించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు.

"సారు నామీద గుస్సయిండా సిస్టరమ్మా? నేనేం తప్పు జేసిన?"

పని ఎక్కువగా ఉందిలే అన్నాను. కట్టు మాత్రం చక్కగా కట్టాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కంపెనీ క్యాంపు ఎక్కడికో మారిందని విన్నాను. తెలుగు మాట కోసం అతను ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాడో తెలియదు. అన్నయ్య ఆ డబ్బా మళ్ళీ మా ముందు తెరవలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఇండియాలో, అన్నయ్య ఆఖరి రోజుల్లో చూడ్డానికి వెళ్ళాను. ప్రార్థన చేసుకున్నాం. కళ్ళు తెరిచి, "రాజయ్యని ఎప్పుడో క్షమించేశానమ్మా," అన్నాడు. నా ఒళ్ళో బైబిలు ఉంది. ఆయన దుప్పటి సర్దాను. అక్కర్లేని మనిషికి వెళ్ళిపోయింది ఆ క్షమ. అది కావలసినదాన్ని నేను, ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

ఆయన పోయాడు. రాజయ్య ఉన్నాడో లేడో. ఎవరి కాళ్ళు పట్టుకోను? మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో లేదు. ఆ రోజు చెప్పాల్సిన మాట ఒక్కసారి పూర్తిగా చెప్పనివ్వండి చాలు.

రాజయ్య చూశాడన్నయ్యా. తుడిచింది నేను.