ర్యాకు వెనక జ్ఞానానందం గారు

తెనాలి జ్ఞానానందం గారు ఏ వస్తువునీ ముందునుంచి చూసి నమ్మిన పాపాన పోలేదు. మనిషైతే ముందునుంచే నమస్కారం పెట్టి మాట్లాడేవారు. వస్తువైతే మాత్రం దాని వెనక్కి వెళ్ళి, వంగి, తల అటూ ఇటూ తిప్పి చూస్తే తప్ప ఆయనకి అన్నం సయించేది కాదు.

ఆయన టీవీ కొనడానికి వెళ్ళిన రోజున షాపతను ఉన్న టీవీలన్నీ ఒకేసారి వేసి చూపించాడట. ఈయన వాటి వెనక్కి దూరి ఎంతకీ బయటికి రాలేదు.

"సార్, బొమ్మ ఇటువైపు పడుద్దండి!" అని అరిచాడు షాపతను.

"బొమ్మదేముంది బాబూ, ఎప్పుడైనా చూడొచ్చు. దీనికి వెనక గాలాడే కన్నాలు లేవేంటి?" అని లోపలినుంచి గొంతు వినిపించింది.

చివరికి అన్నిట్లోకీ బొమ్మ మసగ్గా ఉన్నదాన్ని ఏరి కొని, దారి పొడుగునా దాని వీపు చూసుకుని మురిసిపోతూ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు.

రెండువేల ఏడులో షాహీనా ఆయన దగ్గర పనిలో చేరింది. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళలో ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ అది. సర్వర్లు పెట్టే నిలువెత్తు ఇనుప బీరువాని ర్యాకు అంటారు. ఏ అరలో ఏ మెషీను కూర్చోవాలో, కరెంటు ఎటునుంచి రావాలో ముందే కంప్యూటర్లో గీసి పెట్టే నమూనా టెంప్లేటు. ఒక్క టెంప్లేటు గీస్తే మూడూళ్ళ ర్యాకులూ అదే పోలికతో పుడతాయి. నమూనాలో ముక్కు వంకరైతే మూడూళ్ళలోనూ ముక్కు వంకరే.

తొలిరోజు షాహీనా గీసిన ర్యాకు ముందువైపు ముచ్చటగా వచ్చింది. జ్ఞానానందం గారు కళ్ళజోడు సర్దుకుని, కుర్చీలోంచి లేచి, మానిటరు వెనక్కి వెళ్ళి తొంగిచూశారు.

"ఏదమ్మా, వెనకేదీ?"

పక్క సీటు అభిషేక్‌కి పొలమారి టీ అంతా చొక్కా మీద పడింది. "సార్, అక్కడ వైర్లే ఉంటాయండి!"

"అలవాటయ్యా," అంటూ ఆయన ముందుకొచ్చి, మౌసు పట్టుకుని తెరమీది ర్యాకుని వెనక్కి తిప్పారు.

ఆఫీసుకి నవ్వుకోడానికి ఇంకో సరుకు అక్కర్లేకపోయింది. ఎవరి పుట్టినరోజుకి కేకు తెచ్చినా అభిషేక్ దాన్ని గిర్రున తిప్పి, "వెనక చూసుకోండి సార్," అనేవాడు. ఆయన నిజంగానే చూసుకునేవారు.

షాహీనా కూడా నవ్వేది. కానీ ఆయన టెంప్లేటు గీస్తుంటే నోరు తెరుచుకుని చూస్తుండిపోయేది. ఖాళీ తెరమీద ఒక అర, దాని కింద ఇంకో అర, బరువైనవి కింద, తేలికవి పైన, ఎక్కడా చెయ్యి తడబడకుండా ర్యాకు లేచి నిలబడేది. రేపల్లె గదిలో గోడ ఎంత దగ్గరో, బాపట్ల గదిలో ఎండ ఏ మూల పడుతుందో తెనాల్లో కూర్చునే చెప్పేవారు. మనిషన్నవాడికి ఇంత గుర్తుంటుందా అని ఆమె ఆశ్చర్యపోయేది.

ఒకసారి క్యారేజీ ఇవ్వడానికి ఆఫీసుకొచ్చిన ఆయన భార్య దేవకుమారి గారు ఈ రోగం తనకి పెళ్ళిచూపుల నాడే తెలిసిందని చెప్పారు.

"నన్ను చూడ్డానికొచ్చి మా పెరడు చూశారమ్మా. నేను కాఫీ తెచ్చేసరికి పెళ్ళికొడుకు కుర్చీలో లేరు, నూతి దగ్గరున్నారు. గిలక ఊడొస్తంది, ఎవర్నీ తోడనివ్వకండని మా నాన్నకి చెప్తన్నారు."

"మరి ఎలా ఒప్పుకున్నారండీ?"

"రోజూ నీళ్ళు తోడేది నేనేగా!" అని ఆవిడ నవ్వారు.

షాహీనాది ట్రయలు మీద ఉద్యోగం. రేపల్లెలో పెట్టే కొత్త ర్యాకుకి ఆమె గీసిన టెంప్లేటు సవ్యంగా కుదిరితే పర్మనెంటు, కుదరకపోతే ఇంటికే అన్నారు మేనేజరు హనుమయ్య గారు. ఇంటికంటే బి.ఇడి.కే. వాళ్ళ అమ్మీ మస్తాన్ బీ కాలేజీ కూడా చూసి పెట్టింది. షాహీనాకి పాఠాలు చెప్పడమంటే చచ్చేంత భయం, ర్యాకులు గీయడమంటే ప్రాణం.

ప్రాణం పెట్టి గీసింది. జ్ఞానానందం గారు మామూలుగానే, "వెనక చూశావా?" అనడిగారు. అభిషేక్ కిసుక్కున నవ్వాడు. వాడి ముందు చులకనవడం ఇష్టంలేక, "చూశానండి," అనేసింది. చూడలేదు.

హనుమయ్య గారు ముందువైపు చూసి పెళ్ళిపందిరిలా ఉందన్నారు. రేపల్లెలో ర్యాకులు బిగించే యోబుకి పని అప్పజెప్పారు. అతనికి సాయంగా జ్ఞానానందం గారు ముందే వెళ్ళారు.

ప్రారంభం రోజున హనుమయ్య గారితో కలిసి రేపల్లె రైలెక్కింది షాహీనా. ఉత్సాహం ఆపుకోలేక తన బొమ్మ కాగితం తీసి చూసుకుంటూ, ర్యాకు వెనకవైపు గీసిన కాగితాన్ని మొదటిసారి తిప్పి చూసింది.  పొడుగాటి సర్వరు ర్యాకు వెనకదాకా వచ్చే అరలోనే, వెనకనుంచి కరెంటు ప్లగ్గుల పట్టీ కూడా గీసేసింది! ఒకే కుర్చీలో ఇద్దర్ని కూర్చోబెట్టినట్టే. బిగించబోతే సర్వరు సగం బయటే ఉండిపోతుంది.

భట్టిప్రోలు రాగానే బ్యాగు తీసుకుని లేచి నిలబడింది.

"ఇక్కడెందుకు లేచావమ్మా?" అన్నారు హనుమయ్య గారు, జాంకాయ కొరుకుతూ.

"ఊరికేనండి," అని కూలబడింది. మిగతా దారంతా ఆమెకి బి.ఇడి. కాలేజీ గేటే కనపడింది.

రేపల్లె గది తలుపు తీశారు. ర్యాకు నిండుగా, నిటారుగా నిలబడి ఉంది. సర్వరు అరలో సుబ్బరంగా ఇమిడింది. పచ్చ లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. షాహీనాకి తన కళ్ళమీద తనకే నమ్మకం కలగలేదు.

"భలే గీశావమ్మా! ఇక నువ్వు పర్మనెంటు," అన్నారు హనుమయ్య గారు.

షాహీనా యోబుని పక్కకి లాగింది. "ఆ ప్లగ్గుల పట్టీ ఎలా పట్టిందండీ?"

"పైన నెట్‌వర్కు వైర్లు గుచ్చే స్విచ్చు పెట్టె పొట్టిదిగా మేడం, దాని వెనక ఖాళీలో పెట్టాం. అమ్మాయి అలాగే గీసింది, అలాగే బిగించమన్నారు జ్ఞానానందం సారు." యోబు గొంతు తగ్గించాడు. "అభిషేక్ బాబు గీసిన బాపట్ల ర్యాకు కూడా ఇంతే. వెనక ఎవరిదేం తప్పున్నా ఆయన చడీచప్పుడు లేకుండా దిద్దేత్తారు. ఆ బాబుకి ఇప్పటికీ తెలీదు."

 ఇన్నాళ్ళూ అందరూ నవ్వుతుంటే, ఆయన వెనక్కి వెళ్ళి చేస్తూ వచ్చింది ఇదన్నమాట! షాహీనా గబగబా మేనేజరు ముందుకెళ్ళి, "సార్, ఆ పట్టీ నేను కాదండి..." అంటుండగానే ర్యాకు వెనకనుంచి పెద్ద దగ్గు వినిపించింది.

"షాహీనా! ఆ టార్చి ఇలా పట్టుకురామ్మా!"

వెళ్ళింది. గోడకీ ర్యాకుకీ మధ్య జ్ఞానానందం గారు నక్కి కూర్చుని ఉన్నారు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది, కళ్ళనీళ్ళు ఆపుకుంటూ.

"చెప్పడానికేగా ఇక్కడికి పిలిచా. ముందు నిలబడి చెప్తే నలుగురూ వింటారు. ఇటు చూడు. ఈసారి గీసేటప్పుడు సర్వరు పొడుగు ఇలా కొలుచుకో."

ఆమె టార్చి పట్టుకుంది. ఆయన ఒక్కొక్క అరే చూపిస్తూ పాఠం మొదలుపెట్టారు.

అవతల హనుమయ్య గారు ర్యాకు ముందు నిలబడి, "ఫోటో తీస్తన్నారు, మీరిద్దరూ ముందుకి రండయ్యా!" అని కేకేశారు.

"ఆఁ, వస్తన్నామండి," అన్నారే గానీ ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

ఫోటోలో హనుమయ్య గారొక్కరే పడ్డారు. ర్యాకు సందుల్లోంచి టార్చి వెలుగు వచ్చి ఆయన బట్టతల చుట్టూ దేవుడి పటంలోలాగా కమ్ముకుంది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ, ఆ వెలుగు తన మొహంలోదే అనేవారు. షాహీనా గానీ, జ్ఞానానందం గారు గానీ ఆయన మాట ఎప్పుడూ దిద్దలేదు.