అనసూయమ్మ వేసిన తాళం

ఎర్రగుంట్లలో కిరాణా అంగడి నడిపే అనసూయమ్మ ఏ మాటైనా తన ఘనతలతోనే మొదలుపెడుతుంది. ఊరి బడిలో ఐదో తరగతి చదివి సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీనుకు సరుకులు పోసిందీ, కొడుకు జ్ఞానేశ్వర్‌ను డిగ్రీ చదివించిందీ ఆమే. కొంగు బొడ్డులో దోపుకుని అవన్నీ చెప్పాకే, ఇంకా పుట్టని మనవడి సంగతికొస్తుంది. వాడికోసమే కొడుకూ కోడలూ అహోబిలంలో ఒక రాత్రి నిద్ర చేస్తారని మొక్కింది. బయలుదేరే రోజు సంచి సర్దుతుంటే కోడలు శ్రీవాసవి పరీక్ష పుల్ల తెచ్చి చూపింది.

“అత్తా, రెండో గీత ముదురుగా వచ్చిండాది.”

“కడుపా?”

“కాదత్తా. కడుపు నిలిచే అదను ఇదేనంట. ఈ పొద్దు దాటితే మళ్ళీ వచ్చే నెలే. గుళ్ళోనేమో నిష్ఠగా ఉండల్ల గదా.”

అనసూయమ్మ పుల్లను కందిపప్పు చూసినట్టు వెలుతురులో తిప్పి చూసింది.

“మొక్కింది నేను. నిద్రా నేనే చేస్తా. ఏమయ్యా, లెయ్యి!” అని భర్త తిరుమలయ్యను కేకేసింది.

“నేనెందుకే?”

“ఈడుండి నువ్వేం చేస్తావు?”

చుట్టుపక్కలవాళ్ళు పలకరింపుకు రాకుండా, కొడుకూ కోడలూ లోపలుండగానే వీధి తలుపుకు తాళం వేసింది. బస్సులో పక్క సీటామెకు తన ఘనతలన్నీ చెప్పి, చివర మనవణ్ణి కూడా కలిపేసింది.