సామ్యేలు జరిపిన ఫైలు

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, ఆ మాట గుర్తొస్తే చాలు, సామ్యేలు కడుపు మండిపోతుంది. నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటు అతను. నిన్నగాక మొన్న చేరిన సమీర్‌కి సర్వర్ ముట్టుకోవడం నేర్పింది తను. ఇప్పుడు పిల్లలు ఏ తిప్పలొచ్చినా తన బల్ల దాటుకుని మరీ "సమీరన్నా" అంటూ పోతున్నారు. ఒళ్లు మండదా మరి?

ల్యాబ్ ఇన్‌చార్జి పోస్టు ఈ ఇద్దరిలో ఒకరిది. మిర్చి ఆకుల జబ్బు పసిగట్టే సమీర్ ప్రోగ్రాం సరిగ్గా నడిస్తే అది అతనికే ఇస్తానన్నాడు ప్రిన్సిపాల్ పాండురంగారావు. ఆకుల ఫొటోలన్నీ సర్వర్లో ఒకే పెద్ద ఫైలుగా ఉన్నాయి. ల్యాబులో కంప్యూటర్లు నెట్‌వర్క్ మీదుగా దాన్నే చదువుకుంటాయి. ప్రిన్సిపాల్ ఎదుట ప్రోగ్రాం నడుస్తుండగా సామ్యేలు తన సీట్లో కూర్చునే, చడీచప్పుడు లేకుండా, ఆ ఫైలుని అదే డిస్కులో ఇంకో ఫోల్డర్‌లోకి జరిపేశాడు. ఇప్పుడు నడిపించరా చూద్దాం అనుకున్నాడు లోలోపల.

ప్రోగ్రాం ఆగలేదు. ఆకు వెనక ఆకు తెర మీద పడుతూనే ఉంది.

సామ్యేలు నాలిక్కరుచుకున్నాడు. అయ్యో, తనకి తెలియనిది కాదే. ఫైలు ఒకసారి తెరిచాక ఆ కంప్యూటర్ చేతిలో ఉండేది పేరు కాదు, సర్వర్ ఇచ్చిన హ్యాండిల్. అందులో ఏ డిస్కు, ఆ డిస్కులో ఫైలు నంబరెంత అన్నవి ఉంటాయి. సర్వర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం, అదే కెర్నల్, ఆ నంబరు పట్టుకునే ఫైలు దగ్గరికి పోతుంది. మనిషి ఇల్లు మారినా ఆధార్ నంబరు మారనట్టే. ఫైలుని చెరిపేసి అదే నంబరు కొత్తదానికిచ్చినా మోసపోదు. హ్యాండిల్‌లో ఇంకో గుర్తు కూడా ఉంటుంది, అది కలవకపోతే పొమ్మంటుంది. ఇదంతా సమీర్‌కి టీ తాగుతూ పూసగుచ్చినట్టు చెప్పింది తనే. కుళ్ళు కళ్ళకి కమ్మాక చదువేం గుర్తుంటుంది?

"ఆ ఫొటోల ఫైలు ఏదీ, చూపించు" అన్నాడు ప్రిన్సిపాల్. సమీర్ ఫోల్డర్ తెరిచాడు. ఖాళీ.

"ఫైలే లేదుగా, మరి ఇది ఎట్టా నడుస్తందయ్యా?"

సమీర్ ఒక్కసారి సామ్యేలు వైపు చూశాడు. అర్థమైపోయింది అతనికి.

"సామ్యేలన్న కావాలనే జరిపాడు సార్" అన్నాడు. సామ్యేలు సీట్లోంచి సగం లేచాడు. "చోటు మారినా కెర్నల్ నంబరుతో పట్టుకుంటదని మీకు చూపిద్దామని. నాకు నేర్పింది గూడా అన్నే."

పాండురంగారావు ముఖం వెలిగిపోయింది. "ఏందయ్యా సామ్యేలూ, ఇంత పనితనం దాచిపెట్టుకున్నావు? ప్రోగ్రాం సమీర్‌దే అయినా నేర్పినోడివి నువ్వేగా, ఇన్‌చార్జివి నువ్వే పో" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కోరుకున్న పోస్టు, కోరుకున్న చప్పట్లు, అన్నీ సమీర్ పెట్టిన భిక్ష. ఇన్నాళ్ళూ వాడి తెలివి చూసి ఏడ్చాడు. తెలివి తనకీ ఉంది, ఏనాటికైనా అందుకోవచ్చు. ఇప్పుడు వాడి మంచితనం చూస్తే కడుపు రగులుతోంది, అది తనకెవరు నేర్పుతారు?